ఆంధ్రకేసరి – కృష్ణా బ్యారేజీ

విజయవాడ వద్ద కృష్ణానది రెండు కొండల నడుమ నుండి సాగిపోతుంది. ఈవలి ఒడ్డున ఇంద్రకీలాద్రి, ఆవలి ఒడ్డున సీతానగరం కొండ. ఆ రెండింటినీ కలుపుతూ సుమారు పన్నెండు వందల మీటర్ల పొడవున, డెబ్బై గేట్లతో ప్రకాశం బ్యారేజీ నిలిచి ఉంది. దాని మీదుగా నడిస్తే ఒకవైపు నిండు జలాశయం, మరొకవైపు ఇసుక తిన్నెలు కనిపిస్తాయి. ప్రకాశం పంతులు ఎవరో తెలియని తెలుగువారు అరుదు. అయితే ఆ కట్టడానికీ ఆయన జీవితానికీ ఉన్న సంబంధం తెలిసినవారు మాత్రం అంత మంది లేరు.

బ్యారేజీకి పూర్వం అక్కడ ఒక ఆనకట్ట ఉండేది. దాని కథ కరవుతో మొదలవుతుంది. 1832-33 సంవత్సరాలలో గుంటూరు ప్రాంతాన్ని నందన కరవు కబళించింది. డొక్కలు తేలిన మనుషులను చూసి జనం దానిని డొక్కల కరవు అని కూడా అన్నారు. ఐదు లక్షల జనాభాలో సుమారు రెండు లక్షల మంది మరణించారని నాటి లెక్కలు చెబుతున్నాయి. పక్కనే కృష్ణవేణి పరవళ్ళు తొక్కుతూ సముద్రంలో కలిసిపోతుండగా, దాని ఒడ్డునే ప్రజలు అన్నం లేక రాలిపోయారు. నదికి అడ్డుకట్ట వేయాలన్న ఆలోచన అంతకుముందే ఉన్నా, ఈ విషాదం తరువాతనే అది బలపడింది. గోదావరిపై ధవళేశ్వరం ఆనకట్టను నిర్మించిన ఆర్థర్ కాటన్ కృష్ణ విషయంలోనూ ప్రోత్సాహమిచ్చాడు. ఓర్ అనే ఇంజనీరు ఆధ్వర్యంలో 1852లో పని మొదలై 1855లో పూర్తయింది. ఆ కట్ట నుండి తూర్పుకూ పడమరకూ కాలువలు బయలుదేరాయి. కృష్ణా జిల్లాలోనూ, పడమటి ఒడ్డున తెనాలి, రేపల్లె, బాపట్ల ప్రాంతాలలోనూ మెట్ట భూములు మాగాణులయ్యాయి.

ఆ ఆనకట్టకు పదిహేడేళ్ళు నిండిన నాడు, 1872 ఆగస్టు 23న, ఒంగోలు సమీపంలోని వినోదరాయునిపాలెంలో టంగుటూరి ప్రకాశం జన్మించారు. తల్లి సుబ్బమ్మ, తండ్రి గోపాలకృష్ణయ్య. ఒంగోలు తాలూకా అప్పటికి నెల్లూరు జిల్లాలో భాగం. కాలువ నీరు అందని నేల అది. నల్లరేగడిలో పత్తి, జొన్న, మిరప వేసి ఆకాశం వైపు చూసే రైతుల మధ్య ఆయన బాల్యం గడిచింది. పదకొండేళ్ళ ప్రాయంలోనే తండ్రి మరణించాడు. ఆస్తిపాస్తులు లేని సుబ్బమ్మ పిల్లలను వెంటబెట్టుకొని ఒంగోలు చేరి, పూటకూళ్ళ ఇల్లు నడిపి వారిని పోషించింది. ఆ కాలంలో ఒక గృహిణి అటువంటి వృత్తికి పూనుకోవడం బంధువులకు తలవంపుగా తోచేది. ఆమె వెనుకాడలేదు.

ప్రకాశం చిన్నతనంలో చదువుకన్న ఆటపాటలకే ఎక్కువ మక్కువ చూపేవారు. నాటకాలలో వేషాలు కట్టేవారు. అయినా ప్లీడరు కావాలన్న కోరిక పసితనం నుండి ఆయనను వదలలేదు. ఒకసారి పరీక్ష రుసుము కట్టడానికి మూడు రూపాయలు కావలసివచ్చింది. ఎక్కడ అడిగినా పుట్టలేదు. చివరకు తల్లి తన పట్టుచీరను తాకట్టు పెట్టి ఆ సొమ్ము తెచ్చింది. ఆ కుటుంబంలో ఆ చీర విలువ ఎంతో ఊహించడం కష్టం కాదు. తరువాతి కాలంలో వేలకు వేలు సంపాదించి, అంతకు మించి ఖర్చు చేసిన మనిషి ఆయన. ఆ మూడు రూపాయలను మాత్రం జీవితాంతం మరువలేదు.

ఆయనలోని చురుకుదనాన్ని గుర్తించినవారు గురువు ఇమ్మనేని హనుమంతరావు నాయుడు. ఆయన రాజమహేంద్రవరం వెళ్తూ ప్రకాశాన్ని కూడా వెంట తీసుకుపోయారు. అప్పటికి ఒంగోలుకు రైలు లేదు. మద్రాసు, బెజవాడల నడుమ రైలు మార్గం పూర్తయింది 1899లో. బెజవాడ వద్ద కృష్ణపై రైలు వంతెన అంతకు కొద్ది ముందు, 1893లో సిద్ధమైంది. అందాకా తీరాంధ్రలో దూర ప్రయాణమంటే ఎద్దుబండి, లేదా కాలువ పడవ. ఆ కాలువలకు నీరు అందించింది ఆనకట్టలే. పొలాలకు నీరిచ్చిన కట్టలే మనుషులను ఊరి నుండి ఊరికి కూడా చేర్చేవన్నమాట.

రాజమహేంద్రవరంలో చదువు ముగించి, మద్రాసులో న్యాయశాస్త్ర పరీక్ష నెగ్గి, ప్రకాశం ద్వితీయశ్రేణి ప్లీడరు అయ్యారు. కొంతకాలం ఒంగోలులో పనిచేసి, మళ్ళీ రాజమహేంద్రవరమే చేరుకున్నారు. అక్కడ వృత్తిలో ఆయనకు గొప్ప పేరు వచ్చింది. పురపాలక సంఘానికి అధ్యక్షులయ్యారు కూడా. 1900లో గోదావరిపై హేవ్‌లాక్ వంతెన ప్రారంభమైంది. యాభై ఆరు ఖానాలతో సుమారు మైళ్ళున్నర పొడవు సాగిన ఆ వంతెన ఆ పట్టణపు రూపాన్నే మార్చివేసింది. దాదాపు వంద సంవత్సరాలు రైళ్ళను మోసి, 1997లో విశ్రాంతి తీసుకుంది. దాని పని నేడు పక్కనే ఉన్న కమాను వంతెన చేస్తున్నది. యువ ప్లీడరుగా ప్రకాశం రాజమహేంద్రవరంలో గడిపిన కాలమూ, ఆ వంతెన తొలి రోజులూ ఒకటే.

ద్వితీయశ్రేణి ప్లీడరుకు పెద్ద న్యాయస్థానాలలో వాదించే అర్హత లేదు. ఆ హద్దును సహించలేక ఆయన 1904లో ఇంగ్లండు వెళ్ళి, బారిస్టరు పట్టంతో తిరిగివచ్చి 1907లో మద్రాసు హైకోర్టులో ప్రవేశించారు. తెల్ల బారిస్టర్లు ఏలుతున్న ఆ న్యాయస్థానంలో కొద్దికాలంలోనే అగ్రగణ్యులలో ఒకరయ్యారు. మేడలు, భూములు, బండ్లు సమకూరాయి. 1921లో గాంధీజీ పిలుపుతో అదంతా విడిచిపెట్టారు. ఆ సంవత్సరమే స్వరాజ్య పత్రికను స్థాపించి, తాను ఆర్జించినదంతా దానికి ధారపోశారు. పత్రిక పేరు దేశమంతా వినిపించింది, పంతులుగారి ఆస్తి మాత్రం కరిగిపోయింది. ఆయన త్యాగాన్ని పొగిడేవారు ఆయన లెక్కలు చూసుకోని మనిషి అన్న సంగతిని దాటవేస్తుంటారు. రెండూ నిజమే. చేతిలో ఉన్నది చివరి పైసా వరకు పెట్టి, రేపటి సంగతి రేపు చూడవచ్చుననుకోవడం ఆయన స్వభావం.

1928 ఫిబ్రవరి 3న సైమన్ కమిషన్ భారతదేశంలో అడుగుపెట్టింది. నిరసనగా మద్రాసులో హర్తాళ్ జరిగింది. హైకోర్టు సమీపంలో పోలీసులు కాల్పులు జరపగా ఒక యువకుడు మరణించాడు. ఆ శవాన్ని చూడడానికి బయలుదేరిన ప్రకాశాన్ని తుపాకులు అడ్డగించాయి. ముందుకు వస్తే కాలుస్తామన్న హెచ్చరిక వినగానే ఆయన చొక్కా విప్పి గుండె చూపారు. తుపాకులు వెనక్కి తగ్గాయి. ఆ ఘట్టంతో ఆయన ప్రజల నోట ఆంధ్రకేసరి అయ్యారు. దీనిని గురించి మనం చిన్న తరగతులలోనే చదువుకున్నాం కనుక ఇక్కడ విస్తరించనవసరం లేదు.

1937లో రాజాజీ మంత్రివర్గంలో రెవెన్యూ మంత్రిగా ఆయన జమీందారీల విచారణ సంఘానికి అధ్యక్షత వహించారు. రైతులు ఊరూరా చెప్పుకున్న గోడు వినడం అప్పుడే ఆయనకు అలవాటయింది. క్విట్ ఇండియా ఉద్యమంలో 1942 నుండి 1945 వరకు చెరసాలలో ఉన్నారు. 1946 ఏప్రిల్‌లో మద్రాసు రాష్ట్రానికి ముఖ్యమంత్రి అయ్యారు. కొత్త బట్టల మిల్లులకు అనుమతి ఇవ్వరాదనీ, చేతి రాట్నమూ మగ్గమూ బతకాలనీ ఆయన పట్టుబట్టారు. పత్తి పండే నేలలో పుట్టిన మనిషి దృష్టిలో అది ధర్మమే. కాని మిల్లు యజమానులకూ, ఆధునిక పరిశ్రమలను కోరేవారికీ అది కంటగింపయింది. పార్టీలోని విభేదాలు తోడై ఏడాది తిరగకుండానే, 1947 మార్చిలో, పదవి నుండి వైదొలగవలసివచ్చింది.

ఇక 1952వ సంవత్సరం. ఆనకట్టకు అప్పటికి తొంభై ఏడేళ్ళు, ప్రకాశానికి ఎనభై. ఆ ఏటి వరదలో ఆనకట్టకు గండి పడింది.

ఆ గండి ఎందుకంత భయంకరమో తెలియాలంటే ఆనకట్ట పనిచేసే తీరు తెలియాలి. అది నదికి అడ్డంగా కట్టిన రాతి గోడ. నీటిని కాలువల మట్టం వరకు ఎత్తి నిలపడమే దాని పని. మిగిలిన నీరు గోడ నెత్తి మీదుగా దూకి దిగువకు పోతుంది. నీరు ఇంకాస్త ఎక్కువ నిలవాలని తరువాతి కాలంలో గోడ నెత్తిన వరుసగా తలుపులు అమర్చారు. వరదను తనకు తానుగా అదుపు చేసే శక్తి ఆ గోడకు లేదు. వరద వచ్చినప్పుడు దానికింద మునిగి ఉండడమే దానికి తెలిసిన విద్య. ఎగువన మేట వేసిన ఇసుక ఒకవైపు, దిగువన దూకే నీరు తవ్వే గుంతలు మరొకవైపు ప్రతి ఏటా దానిని బలహీనపరిచేవి. అటువంటి గోడకు ఒకచోట గండి పడిందంటే వరదలో తేడా కనిపించదు. వరద తగ్గిన తరువాత అసలు ప్రమాదం బయటపడుతుంది. నిలవవలసిన నీరు గండి గుండా జారిపోతుంది, నది మట్టం పడిపోతుంది, కాలువ తూములకు నీరందదు. పొట్ట మీదున్న సార్వా వరి ఎండిపోతుంది. లక్షలాది ఎకరాల పంట ఒక పాత గోడలోని ఒక్క గండిపై ఆధారపడిన రోజులవి.

గండిని తాత్కాలికంగా పూడ్చారు. కాని పాత కట్టడాన్ని మరమ్మతులతో నెట్టుకురావడమా, దాని స్థానంలో కొత్తది నిర్మించడమా అన్న ప్రశ్న నిలిచేవుంది. నాడు మద్రాసు ప్రభుత్వం చేతిలో అనేక సమస్యలున్నాయి. పైగా కృష్ణా జలాలను పెన్న మీదుగా దక్షిణానికి తరలించే ఆలోచన కూడా అప్పట్లో సాగుతున్నందువల్ల, ఆ ప్రభుత్వం తమ మేలు చూస్తుందన్న నమ్మకం డెల్టా రైతులకు తక్కువ. ఆ సంవత్సరమే డిసెంబరు 15న ప్రత్యేకరాష్ట్రం కోసం నిరాహారదీక్ష చేస్తూ పొట్టి శ్రీరాములు ప్రాణాలర్పించారు. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రం అవతరించింది. ఎనభై ఒక్క సంవత్సరాల ప్రకాశం తొలి ముఖ్యమంత్రి అయ్యారు.

అదొక బీద ప్రభుత్వం. శ్రీబాగ్ ఒడంబడికను గౌరవించి రాజధానిని కర్నూలులో పెట్టారు. అక్కడ భవనాలు చాలక కార్యాలయాలను గుడారాలలో నడిపారు. విజయవాడకో గుంటూరుకో రాజధాని వస్తుందని ఆశించిన కోస్తా ప్రజలు ఆగ్రహించారు. ఒంగోలువాడై ఉండి సొంత ప్రాంతానికి అన్యాయం చేశారన్న నింద ఆయన మీద పడింది. హైకోర్టు 1954 జూలైలో గుంటూరులో వెలిసినా ఆ కోపం పూర్తిగా చల్లారలేదు. శాసనసభలో ఆయనకు నికరమైన బలం లేదు. నిన్నటి ప్రత్యర్థుల మద్దతుతో నడిచే మంత్రివర్గం. ఏ రోజు పడిపోతుందో తెలియని ప్రభుత్వం తలపెట్టే పనులు సాధారణంగా చిన్నవిగా ఉంటాయి. గండి పూడ్చినచోట మరికొంత రాయి వేయించి, ఆ ఘనత చెప్పుకొని ఊరుకున్నా ఎవరూ తప్పుపట్టేవారు కారు.

1954 ఫిబ్రవరి 13న పాత ఆనకట్ట పక్కనే కొత్త బ్యారేజీ నిర్మాణం మొదలైంది. ఆనకట్టకూ బ్యారేజీకీ తేడా పేరులో మాత్రమే కాదు. ఆనకట్ట గోడ అయితే, బ్యారేజీ తలుపుల వరుస. స్తంభాల నడుమ ఉక్కు గేట్లు ఉంటాయి. నీరు కావలసినప్పుడు దించుతారు, వరద వచ్చినప్పుడు ఎత్తుతారు. ఒక్కొక్క గేటు ఎంతో బరువు. దానిని ఎత్తడానికి గొలుసు రెండవ కొసన కాంక్రీటు బరువు వేలాడదీస్తారు. అది కిందికి దిగుతుంటే గేటు పైకి లేస్తుంది. పల్లెలో ఏతం ఎక్కి నీరు తోడిన రైతుకు ఈ సూత్రం కొత్త కాదు. సముద్రంపై ఓడలు వచ్చినప్పుడు తెరుచుకునే రైలు వంతెనలు కొన్ని పనిచేసేదీ ఇటువంటి ప్రతిభారంతోనే. తమిళనాడులోని పాంబన్ వంతెన 1914లో ఏర్పడినప్పుడు మాత్రం దాని రెండు రెక్కలను మనుషులే చేతి మరలతో ఎత్తేవారు. అది కూడా ముసలిదై, 2025లో దాని స్థానంలో నిలువుగా పైకి లేచే కొత్త వంతెన వచ్చింది.

బ్యారేజీ వల్ల మరొక మేలు కూడా ఉంది. స్తంభాల మీదుగా రోడ్డు వేశారు. అంతవరకు బెజవాడ వద్ద రైలుకు వంతెన ఉంది కాని రోడ్డుకు లేదు. గుంటూరు వైపు నుండి వచ్చే మిరప బస్తాలు, పత్తి బోరాలు, పశువులు, మనుషులు నది దాటాలంటే పడవలే శరణ్యం. వరద రోజులలో ఆ దారి కూడా మూసుకుపోయేది. ఒకే నదికి రెండు ఒడ్డులైన కృష్ణా, గుంటూరు జిల్లాలు ఏటా కొన్ని వారాలపాటు పరదేశాలయ్యేవి.

పని మొదలైన తొమ్మిది నెలలకే మంత్రివర్గం కూలిపోయింది. మద్యనిషేధం ఆ ప్రభుత్వానికి ప్రాణాంతకమైంది. నిషేధాన్ని ఎత్తివేయాలన్న సిఫారసును అంగీకరించడానికి ప్రకాశం ఒప్పుకోలేదు. 1954 నవంబరులో అవిశ్వాస తీర్మానం ఒక్క ఓటు తేడాతో నెగ్గింది. పదమూడు నెలల పాలన ముగిసింది. తరువాత రాష్ట్రపతి పాలన, 1955లో బెజవాడ గోపాలరెడ్డి మంత్రివర్గం, 1956 నవంబరు 1 నుండి విశాలమైన ఆంధ్రప్రదేశ్, నీలం సంజీవరెడ్డి ప్రభుత్వం. రెండు సంవత్సరాలలో ఇన్ని మార్పులు జరిగాయి. నదిలో పని మాత్రం ఆగలేదు. ముందువారు మొదలుపెట్టిన పనిని తరువాతివారు పక్కన పడవేయడం మనకు కొత్తకాదు గనుక, ఈ సంగతి ప్రత్యేకంగా చెప్పుకోదగినది.

పదవి పోయిన పంతులుగారి వద్ద మిగిలిన ఆస్తి ఏమీ లేదు. అయినా తిరగడం మానలేదు. 1957 వేసవిలో ఒంగోలు ప్రాంతపు హరిజనవాడలలో పర్యటిస్తూ ఎండ దెబ్బకు గురయ్యారు. హైదరాబాదులో చికిత్స పొందుతూ మే 20న కన్నుమూశారు. ఆ సంవత్సరమే డిసెంబరు 24న బ్యారేజీ ప్రారంభమైంది. దానికి ఆయన పేరు పెట్టారు. ఏడు నెలల తేడాతో ఆయన దానిని చూడలేకపోయారు. కృష్ణ ఎగువన, నందికొండ వద్ద, 1955 డిసెంబరులోనే నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన జరిగింది. దాని కుడికాలువ 1967 నుండి గుంటూరు, ఒంగోలు మెట్టలకు నీరు తెచ్చింది. ఆయన పుట్టిన ప్రాంతంతో 1970లో ఏర్పడిన ఒంగోలు జిల్లాకు 1972లో, శతజయంతి సంవత్సరాన, ప్రకాశం జిల్లా అని పేరు మార్చారు.

బ్యారేజీ కూడా పాతబడుతున్నది. కనకదుర్గ వారధి వచ్చిన తరువాత భారీ వాహనాలు దాని మీదుగా వెళ్ళడం లేదు. 2009 అక్టోబరులో పదకొండు లక్షల క్యూసెక్కులకు పైబడిన వరదను అది తట్టుకుంది. 2024 సెప్టెంబరు 1, 2 తేదీలలో ఆ రికార్డును కూడా మించి 11.43 లక్షల క్యూసెక్కులు వచ్చాయి. డెబ్బై గేట్లూ ఎత్తి ఉంచారు. ఎగువ నుండి కొట్టుకువచ్చిన పెద్ద పడవలు గేట్ల వద్ద ఢీకొని, ప్రతిభారంగా ఉన్న కాంక్రీటు దిమ్మెలను పగులగొట్టాయి. స్తంభాలు చెక్కుచెదరలేదు. ప్రవాహం ఇంకా సాగుతుండగానే పనివారు దిగి, పగిలిన దిమ్మెలను తొలగించి, వాటి స్థానంలో ఉక్కుతో చేసిన బరువులను వేలాడదీశారు.